కుంగిపోయిన ప్లటూన్ బాధ్యత నాకు అప్పగించారు: మొదటి నెల ఎలా నడపాలి?

ప్రశ్న: నాయబ్ సుబేదార్, పదాతి దళం (స్వస్థలం ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఇరవై ఏళ్ళకు పైగా పదాతి దళంలో పనిచేస్తున్నాను. హవల్దార్‌గా సెక్షన్ (ప్లటూన్‌లోని ఒక చిన్న జట్టు) నడిపాను, ఆ తరువాత కంపెనీ హవల్దార్ మేజర్‌గా చేశాను. మూడు వారాల కిందట నాయబ్ సుబేదార్‌గా పదోన్నతి వచ్చింది. అదే బెటాలియన్‌లోని మరొక కంపెనీలో ఒక ప్లటూన్‌ను నాకు అప్పగించారు. యూనిట్ పేరు, ప్రస్తుతం ఉన్న చోటు రాయలేను, దయచేసి ఎవరూ అడగవద్దు.

ముప్పై మందికి పైగా ఉన్న ఈ ప్లటూన్ నిరుడు విన్యాసాలలో రాత్రిపూట దిక్సూచి సాయంతో నడవవలసిన మార్గంలో తప్పిపోయి, తెల్లవారాక గాని గమ్యం చేరలేదు. ఆనాటి నుంచి మిగిలిన కంపెనీల వాళ్ళు వీళ్ళను ‘దారి తప్పిన ప్లటూన్’ అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు వీళ్ళే తమ గురించి తాము అలా చెప్పుకుంటున్నారు, నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది అదే. ఫైరింగ్ ఫలితాలు కంపెనీలో చివరి స్థానంలో ఉన్నాయి. ఏ పనికైనా ముందుకు వచ్చేవారు ఎవరని అడిగితే ఎవరూ కదలరు. రోల్‌కాల్‌లో సమస్యలు ఏమైనా ఉన్నాయా అని ప్రతి సాయంత్రం అడుగుతున్నాను, మూడు వారాలలో ఒక్కరు కూడా నోరు విప్పలేదు. ముప్పై మంది ఉన్నచోట ఒక్క సమస్య కూడా లేకుండా ఉండదని మనందరికీ తెలుసు.

నాకంటే ముందు ఉన్న జేసీఓ (నాయబ్ సుబేదార్ వంటి జూనియర్ కమిషన్డ్ అధికారి) పెన్షన్ మీద వెళ్ళిపోయారు. నేను వచ్చేదాకా రెండున్నర నెలలు ఒక సీనియర్ హవల్దార్ ప్లటూన్‌ను చూసుకున్నాడు. పని తెలిసినవాడు, చెడ్డవాడు కాడు, కానీ నేను ఏది చెప్పినా ‘జీ సాబ్’ అని అక్కడితో ఆగిపోతాడు. జవాన్లు నా మాట విన్న తరువాత ఒకసారి అతని ముఖం వైపు చూసి అప్పుడు కదులుతున్నారు. ప్లటూన్‌లో వివిధ రాష్ట్రాల వాళ్ళు ఉన్నారు, మన తెలుగు కుర్రాళ్ళు నలుగురు.

మొదట గట్టిగా ఉండి క్రమశిక్షణ నిలబెట్టి తరువాత దగ్గరవ్వాలా, లేక ముందు వాళ్ళ మనసు గెలుచుకుని తరువాత బిగించాలా? ఆ హవల్దార్ చుట్టూ ఉన్న పట్టు పోవడానికి సెక్షన్లను కలిపి మళ్ళీ విడదీయడం మంచిదేనా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: విశ్రాంత సుబేదార్ మేజర్, విజయనగరం జిల్లా

తమ్ముడూ, ముందుగా పదోన్నతికి అభినందనలు. గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా అని అడిగారు గాని, ఆ రెండింటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. నేను దాన్ని చేయకుండా ఆరు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

నేను కొత్తగా నాయబ్ సుబేదార్ అయినప్పుడు, మొదటి వారంలోనే, ఫాలిన్‌లో (అందరూ వరుసగా నిలబడినప్పుడు) ఒక నాయక్ బూట్లు బాగాలేవని అందరి ముందూ నిలబెట్టి మందలించాను. వాళ్ళ ఊళ్ళో తుపానుకు ఇంటి పైకప్పు ఎగిరిపోయిందనీ, అతని సెలవు కాగితం పదకొండు రోజులుగా ఆఫీసులో పడి ఉందనీ నాకు తెలియదు. ప్లటూన్ మొత్తానికి తెలుసు, నాకు ఒక్కడికే తెలియదు. ఆ రోజు నేను అన్న మాటలో తప్పు లేదు, బూట్లు నిజంగానే బాగాలేవు. కానీ వాళ్ళ దృష్టిలో నేను ఏమీ తెలియకుండా మాట్లాడే మనిషినైపోయాను, ఆ తరువాత ఆరు నెలలు నేను ఏది చెప్పినా విన్నారే గాని నమ్మలేదు.

అందుకని మొదట మీ ప్లటూన్ సెలవుల పట్టికను తెప్పించుకుని ఒక రాత్రి కూర్చుని చదవండి. అగ్నివీర్ కాని మామూలు జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయని అందరికీ తెలుసు. మీరు చూడవలసింది ఎన్ని రోజులు ఇచ్చారన్నది కాదు, ఏ తేదీలకు ఇచ్చారన్నది. చెల్లెలి పెళ్ళికి అడిగినవాడికి పెళ్ళయిన పదిహేను రోజులకు ఇచ్చి ఉంటే, కాగితం మీద అతని సెలవు పూర్తిగా ఇచ్చినట్టే కనిపిస్తుంది. అలాంటివి రెండు మూడు దొరికితే, మీ చేతిలో ఉన్నంతవరకు, చెప్పకుండా సరిచేయండి. చేశానని రోల్‌కాల్‌లో ప్రకటించవద్దు, ఆ రాత్రికే బారక్‌లో అందరికీ తెలిసిపోతుంది.

రోల్‌కాల్‌లో ఎవరూ మాట్లాడడం లేదని బాధపడకండి. ముప్పై మంది వింటుండగా తన ఇంటి సంగతి చెప్పుకునే జవాను నాకు ఇంతవరకు కనబడలేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే సంతరీ (కాపలా జవాను) కోసం లంగర్ (వంటశాల) దగ్గర టీ పెట్టించి, మీరూ ఒక గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడండి. డ్యూటీ మీద ఉన్నవాణ్ణి కదిలించవద్దు, దిగినవాడితోనే మాట్లాడండి. మొదటి రెండు రాత్రులు చలి గురించీ, టీలో చక్కెర గురించీ తప్ప ఏమీ చెప్పరు. అయినా మానకుండా వెళ్ళండి.

మన కుర్రాళ్ళు నలుగురు ఉన్నారన్నారు. ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది గాని, మిగిలినవాళ్ళ ముందు వాళ్ళతో తెలుగులో మాట్లాడడం తగ్గించండి. మీరు వాళ్ళను అడిగేది అన్నం తిన్నావా అన్న ముక్కే కావచ్చు, కానీ ఆ భాష రానివాడికి అది తనను గురించే అనిపిస్తుంది. ఆ నలుగురినీ విడిగా ఒకసారి పిలిచి ఈ సంగతి మీరే చెప్పండి, అర్థం చేసుకుంటారు.

సెక్షన్లను మొదటి నెలలో కదిలించవద్దు. పక్కపక్క మంచాల మీద మూడేళ్ళుగా పడుకున్నవాళ్ళను విడదీస్తే హవల్దార్ పట్టు పోదు, మీమీద ఉన్న కొద్దిపాటి నమ్మకం పోతుంది. ఆ హవల్దార్ రెండున్నర నెలలు మీ పని చేశాడు. ఆ పని గురించి అతన్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా? మీరు అడగండి. ఆఫీసులో కూర్చోబెట్టి కాదు, నడుస్తూ అడగండి.

జవాబు 2: చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

నేను సైన్యంలో పనిచేయలేదు, కాబట్టి సుబేదార్ మేజర్ గారి మాటకు అడ్డు చెప్పే అర్హత నాకు లేదు. కానీ మా తాతగారు 1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాలినడకన వచ్చినవారిలో ఒకరు. అప్పట్లో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రంగం వెళ్ళి స్థిరపడినవాళ్ళు వేల సంఖ్యలో అలాగే తిరిగి వచ్చారు. ఆయన చెప్పిన అడవుల గురించి చదువుతూ వెళ్ళినప్పుడు, అదే ఏడాది జపాను చేతిలో ఓడిపోయి బర్మా నుంచి వెనుదిరిగిన సైన్యాన్ని నడిపిన బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ గురించి నాకు తెలిసింది. మీ ప్రశ్న చదవగానే ఆయనే గుర్తుకు వచ్చారు.

స్లిమ్ 1942 మార్చిలో బర్మా దళం బాధ్యత తీసుకునేనాటికే రంగం శత్రువు చేతికి వెళ్ళిపోయింది. ఆ దళాన్ని దాదాపు 900 మైళ్ళు వెనక్కి నడిపించి, వర్షాలు మొదలయ్యే వేళకు ఇంఫాల్ చేర్చారు. మరుసటి ఏడాది చివరిలో, బర్మా సరిహద్దులో ఉన్న ఆ సైన్యమే పద్నాలుగో సైన్యంగా ఏర్పడి ఆయన చేతికి వచ్చినప్పుడు దాని పరిస్థితి ఏమిటంటే, గాయపడి వెనక్కి వచ్చే ప్రతి ఒక్కరికీ జబ్బుపడి వచ్చేవారు 120 మంది. ఒక్క మలేరియాయే ఏడాదికి మొత్తం సైన్యంలో నూటికి 84 మంది లెక్కన తగులుతోంది. ఇలాంటి సైన్యానికి ధైర్యం చెప్పే ఉపన్యాసాలు ఇస్తే ఏం ప్రయోజనం? జ్వరంతో వణుకుతున్నవాడికి శత్రువు అజేయుడుగానే కనిపిస్తాడు.

ఆయన మలేరియా మాత్ర దగ్గర పట్టుబట్టారు. జవాన్లు రోజూ మెపాక్రిన్ మాత్ర మింగుతున్నారో లేదో చూడడానికి ఏ పటాలానికైనా హఠాత్తుగా వెళ్ళి ప్రతి ఒక్కరినీ పరీక్ష చేయించేవారు. నూటికి 95 మంది కంటే తక్కువ తేలితే శిక్ష జవానుకు పడేది కాదు, ఆ పటాలం అధిపతిని పదవి నుంచి తీసేసేవారు. ముగ్గురిని తీసేయవలసి వచ్చింది, ఆ తరువాత అవసరం రాలేదు. 1945 నాటికి జబ్బుపడేవారి సంఖ్య రోజుకు వెయ్యికి ఒకటికి దిగింది. ఎంత చిన్న మాత్ర అది! కానీ ప్రతి సెక్షన్ నాయకుడూ ప్రతి రోజూ తన మనుషుల ముఖం చూడవలసిన అవసరాన్ని ఆ మాత్ర కల్పించిందని నాకు అనిపిస్తుంది.

మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే సంగతి మరొకటి ఉంది. జపాను సైనికుణ్ణి అడవిలో ఎవరూ ఓడించలేరన్న నమ్మకం ఆనాడు మన సైన్యంలో పాతుకుపోయి ఉంది, మీ ప్లటూన్‌కు ఆ పేరు పాతుకుపోయినట్టే. స్లిమ్ దాన్ని ఖండించలేదు. ముందు చిన్న చిన్న గస్తీ బృందాలను, బాగా తర్ఫీదు పొందినవాళ్ళను ఏరి పంపారు. వాళ్ళు గెలిచి వచ్చి తోటివాళ్ళకు కథలు చెప్పారు. ఆ తరువాత పెద్ద దాడులు చేసినప్పుడు కూడా శత్రువు కంపెనీ మీదికి ఏకంగా బ్రిగేడ్‌నూ, ప్లటూన్ మీదికి బెటాలియన్‌నూ పంపారు (ప్లటూన్ కంటే కంపెనీ, దానికంటే బెటాలియన్, దానికంటే బ్రిగేడ్ పెద్దవి). ఓడిపోవడానికి వీలులేని పోరాటాలనే మొదట ఎంచుకున్నారన్నమాట. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర నిలబడినవాళ్ళలో ఎందరో అంతకుముందు వెనుదిరిగి వచ్చినవాళ్ళే.

ముందువరుసలో ఉన్న దళాలకు సగం రేషను ఇవ్వవలసి వస్తే, తన ముఖ్య కార్యాలయంలో కూడా సగం రేషనే వడ్డించాలన్న నియమం పెట్టుకున్నారు ఆయన. ఆ ఒక్క సంగతి చదివినప్పుడు మా తాతగారు బతికి ఉంటే చెప్పేవాణ్ణి కదా అనుకున్నాను, ఆకలి గురించి ఆయనకు బాగా తెలుసు.

జవాబు 3: విశ్రాంత లెఫ్టినెంట్ కల్నల్, సికింద్రాబాద్

అధ్యాపకుల వారు చెప్పినది చాలా బాగుంది, కానీ నాయబ్ సుబేదార్ గారు అందులో ఒక తేడాను మరచిపోకూడదు. స్లిమ్ ముగ్గురు అధిపతులను తీసేయగలిగారు, మీరు ఒక్క లాన్స్ నాయక్‌ను కూడా మార్చలేరు. పెద్ద సేనానుల కథలు చదివి వాళ్ళ అధికారం మనకూ ఉందనుకుని మాట్లాడితే, మొదటి వారంలోనే అది లేదని జవాన్లకు తెలిసిపోతుంది. మీ చేతిలో ఉన్నవి మీ సమయం, మీ మాట, మీ కంపెనీ కమాండర్ దగ్గర మీకున్న పరపతి. వాటితోనే నడపాలి.

కాలం గురించి ఒక సంగతి చెబుతాను. కొరియా యుద్ధంలో అమెరికా ఎనిమిదో సైన్యం అధిపతి జీపు ప్రమాదంలో మరణించగా, మాథ్యూ రిడ్జ్‌వే 1950 డిసెంబరు 26న ఆ బాధ్యత తీసుకున్నారు. వరుసగా వెనక్కి వస్తున్న సైన్యం అది. ఆయన ముందువరుసకు వెళ్ళి జవాన్లను అడిగితే వేడి భోజనం లేదనీ, చేతి తొడుగులు లేవనీ, ఇంటికి ఉత్తరం రాయడానికి కాగితాలు లేవనీ చెప్పారు. ఆయన వాటిని సమకూర్చే పని మీద పడ్డారు. అయినా తొమ్మిది రోజులకే, 1951 జనవరి 4న, సియోల్ నగరాన్ని వదులుకోవలసి వచ్చింది. కొత్త అధిపతి వచ్చాక జరిగిన మొదటి పెద్ద సంఘటన మరో ఓటమి! ఆ నగరం తిరిగి చేతికి వచ్చింది మార్చి నెల మధ్యలో. మీరు సెలవులు సరిచేసి, టీ తాగి, అన్నీ చక్కగా చేసిన తరువాత వచ్చే ఫైరింగ్‌లో కూడా మీ ప్లటూన్ చివరి స్థానంలోనే ఉండవచ్చు. ఆ రోజు మీ ముఖం ఎలా ఉంటుందో ముప్పై మంది చూస్తారు. దానికి ఇప్పటి నుంచే సిద్ధపడి ఉండండి.

మన సొంత చరిత్రలో ఇంతకంటే చేదు అనుభవం ఉంది. 1962 చైనా యుద్ధంలో తేజ్‌పూర్‌లోని నాలుగో కోర్‌కు (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) ఒకే నెలలో అధిపతులు మారి మళ్ళీ మారారు. కీలకమైన రోజులలో కోర్ కమాండర్ జబ్బుపడి ఢిల్లీలో మంచం మీద నుంచి ఉత్తర్వులు ఇచ్చారు. అక్టోబరు 20న ఈశాన్య సరిహద్దులోని నామ్కా చూ నది దగ్గర ఒక బ్రిగేడ్ నాశనమైంది, నవంబరులో సేలా కనుమ, బొమ్‌డిలా పట్టణం పోయాయి. కాల్పుల విరమణ తరువాత ఆ కోర్‌కు, తరువాత మన సైన్యాధిపతి అయిన మానెక్‌షాను పంపారు. రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా ఎవరూ వెనక్కి తగ్గరాదనీ, అటువంటి ఉత్తర్వు ఎన్నటికీ వెలువడదనీ ఆయన అన్నారని మన సైన్యంలో అందరూ చెప్పుకుంటారు. ఆ మాటను చాలామంది ధైర్యం నూరిపోసిన మాటగా చెబుతారు. నేను దాన్ని వేరే విధంగా చూస్తాను. ఆ జవాన్లు చలికి తగిన బట్టలు లేకుండా, చాలినంత మందుగుండు లేకుండా, నేడు ఒక ఉత్తర్వు రేపు ఇంకొకటి వింటూ పోరాడినవాళ్ళు. వాళ్ళలో లోపించింది ధైర్యం కాదు. పైనుంచి వచ్చే మాట ఇక మారదని వాళ్ళకు మొదటిసారిగా చెప్పినవారు ఆయన.

కాబట్టి ఆ రాత్రి మీ ప్లటూన్ ఎందుకు దారి తప్పిందో మీరు తెలుసుకున్నారా? మీ ప్రశ్నలో ఆ విషయం లేదు. ఎంతమందికి మ్యాప్ రీడింగ్ నేర్పారు, దిక్సూచి ఎవరి చేతిలో ఉంది, అడుగులు ఎవరు లెక్కపెట్టారు, నైట్ మార్చ్ చార్ట్ (ఏ దిక్కుకు ఎంత దూరం నడవాలో రాసిన పట్టిక) ఎవరు తయారుచేశారు? తెలుసుకోకుండా మీరు ఏ మందు వేసినా అది గుడ్డి వైద్యమే. తెలుసుకోవడం కూడా విచారణలా ఉండకూడదు, తప్పు ఎవరిదని అడిగితే మళ్ళీ అందరూ మౌనంగా కూర్చుంటారు.

అడిగినవారి మాట (పన్నెండు రోజుల తరువాత)

పెద్దలందరికీ ధన్యవాదాలు. సెలవుల పట్టికలో సుబేదార్ మేజర్ గారు చెప్పినటువంటివే రెండు దొరికాయి. ఒకటి సరిచేయగలిగాను, రెండోది నా చేతిలో లేదు. ఆ జవానును పిలిచి లేదనే చెప్పాను. అతను బాధపడ్డాడు, కానీ ఆ సంగతి తనకు ఇంతకుముందు ఎవరూ తిన్నగా చెప్పలేదని అన్నాడు.

కల్నల్ సాబ్ అడిగిన ప్రశ్న నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. మొన్న సాయంత్రం హవల్దార్‌తో నడుస్తూ, తప్పు ఎవరిదని కాకుండా, ఆ రాత్రి మొదటి బౌండ్ (మార్గంలోని ఒక విడత) నుంచి ఏం జరిగిందో చెప్పమని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. రెండో బౌండ్‌లోనే అడుగుల లెక్క ప్రకారం కుడివైపుకు జరిగిపోయామని అతనికి అర్థమైందట. ముందుకు వెళ్ళి ఆనాటి ప్లటూన్ కమాండర్‌కు చెబితే, నోరు మూసుకుని నడవమన్నారట. వెనుక ఉన్న రెండు సెక్షన్లు ఆ మాట విన్నాయి. మరునాడు బెటాలియన్‌లో ఎవరు అడిగినా ఇతను ఆ సంగతి బయటపెట్టలేదు, పెన్షన్‌కు దగ్గరపడిన మనిషి పేరు పాడుచేయకూడదని ఊరుకున్నాడు. జవాన్లు నా మాట విన్న తరువాత అతని ముఖం ఎందుకు చూస్తున్నారో నాకు ఇప్పుడు తెలిసింది. నేను దాన్ని ఏదో ముఠా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు ఈ సంగతి కంపెనీ కమాండర్‌కు చెప్పాలా? ప్లటూన్ ముందు చెప్పి అతని గౌరవం నిలబెట్టాలా?

జవాబు 4: విశ్రాంత సుబేదార్ మేజర్, విజయనగరం జిల్లా

తమ్ముడూ, ప్లటూన్ ముందు చెప్పవద్దు. వాళ్ళకు తెలిసిన సంగతిని వాళ్ళకే చెప్పి, వెళ్ళిపోయిన మనిషిని ఎందుకు దోషిగా నిలబెట్టడం? ఇన్నాళ్ళూ ఆ హవల్దార్ కాపాడింది ఆ పేరునే కదా. కంపెనీ కమాండర్‌కు మాత్రం విడిగా ఒక్క మాట చెప్పండి, అది కూడా ఫిర్యాదుగా కాకుండా, రేపు ఇతని పదోన్నతి కాగితాలు రాసేటప్పుడు ఆ రాత్రి జరిగినది ఇతని లెక్కలో పడకుండా ఉండాలని.

కంపెనీ కమాండర్ అనుమతితో ఈ నెలలోనే ఒక రాత్రి నడక పెట్టండి. దూరం తక్కువ ఉండనివ్వండి, కానీ చంద్రుడు లేని రాత్రే చూసుకోండి, సులువైన దారి ఇచ్చారని వాళ్ళకు అనిపించకూడదు. చార్టు హవల్దార్‌నే తయారుచేయమనండి. అడుగులు లెక్కపెట్టడానికి ఇద్దరు కుర్రాళ్ళను అతన్నే ఎంచుకోమనండి. బయలుదేరే ముందు ప్లటూన్ అంతా చూస్తుండగా దిక్సూచి అతని చేతికి ఇచ్చి, మీరు అతని వెనుక నడవండి. ఎక్కడైనా అతను ఆగి, సాబ్, కుడివైపుకు జరిగిపోయాం అంటే, అక్కడే ప్లటూన్‌ను ఆపి, అతనితో కలిసి లెక్క మళ్ళీ చూడండి.